కాళ్ళకు చేరని నెత్తురు

నిన్న పొద్దున ఆ ఇంట్లో ఉన్నది నలుగురు పెద్దవాళ్ళు, మూడు నెలల పాప.

ముందు గదిలో రెండు గుంత మగ్గాలు, కాళ్ళు గుంతలో పెట్టి తొక్కుతూ నేసేవి. వీధి వైపు మగ్గం మీద ఇంటి కొడుకు వెంకటేష్, ఇరవై నాలుగేళ్ళవాడు. గోడ వైపు మగ్గం మీద అతని చిన్నాయన రంగయ్య. వంటింట్లో తల్లి కుళ్ళాయమ్మ. నడిమింట్లో పాపను ఒళ్ళో వేసుకుని భార్య నాగజ్యోతి. బయటి మనిషి లోపలికి రాలేదు, లోపలి మనిషి బయటికి పోలేదు. ఈ ముక్క మీద మాత్రం పోలీసులకూ, హిందూపురం నుంచి వచ్చిన డిటెక్టివ్ మాధవికీ పేచీ లేదు.

పదిన్నర దాటాక గొడవ మొదలైంది. పదకొండు కాకముందే వెంకటేష్ మగ్గం మీదికి ఒరిగి ప్రాణం వదిలాడు. పొద్దు కుంకేలోపు జ్యోతిని ధర్మవరం స్టేషన్‌కి తీసుకుపోయారు. ఆమె తండ్రి జయరాముడు పెనుకొండలో బట్టల కొట్టు పెట్టుకున్న మనిషి. ఆయన మాధవికి ఫోన్ చేసి ఒకటే మాట అన్నాడు. "నా బిడ్డ మొగున్ని సంపలేదమ్మా. రేపు సాయంత్రం మేజిస్ట్రేటు ముందర నిలబెడతారంట. ఆలోపల ఏమన్నా చెయ్యి తల్లీ."

అందుకే మాధవి ఇప్పుడు ఆ ఇంటి గడప దాటుతోంది. ఆమెకంటే ముందే లోపల ఇన్‌స్పెక్టర్ ఉదయ్ కుమార్ ఉన్నాడు.

"రండి మేడమ్, రండి," అన్నాడు నవ్వుతూ. "పెళ్ళికొడుకు తాగుతాడా, పేకాడతాడా అని కనుక్కునే పని కదా మీది? ఇక్కడ పెళ్ళికొడుకే పోయాడు. కాస్త ఆలస్యంగా వచ్చారు."

పక్కనున్న కానిస్టేబుల్ కిసుక్కున నవ్వాడు. మాధవి చెవులు ఎర్రబడ్డాయి. నలుగురిలో గొంతు పెంచి మాట్లాడడం ఆమెకు మొదటి నుంచీ చేతకాదు. నేల వైపు చూస్తూనే అంది. "పోయినవాళ్ళ దగ్గర పని తేలిక సార్. వాళ్ళు అబద్ధం ఆడరు."

ఉదయ్ కుమార్ నవ్వు కొంచెం తగ్గింది. "అయితే వినండి. జ్యోతి పుట్టింటికి పోతానంది. మొగుడు వద్దన్నాడు. అరుపులు వీధంతా విన్నది. ఈమె చేతిలో నాడె ఉంది." పేక దారాన్ని అటూ ఇటూ తీసుకుపోయే ఆ చెక్కను అతను గాలిలోనే కొలిచి చూపించాడు. "రెండు కొసలకీ ఇనుప మొనలు. దానికి రక్తం. అతని కణత మీద గాయం. ముక్కు నుంచి రక్తం. అత్త తలుపు దగ్గర నిలబడి చూసింది. చిన్నాయన వీపు ఇటు, తిరిగి చూసేసరికి అతను పడిపోయి ఉన్నాడు. ఇంకేం కావాలి మీకు?"

"మగ్గం చూడాలి సార్."

"చూసుకోండి. చీర మాత్రం కొనకండి, అది ఎవిడెన్సు." కానిస్టేబుల్ మళ్ళీ నవ్వాడు. ఇద్దరూ బయటికి పోయారు.

మగ్గం మీద గంధం రంగు పట్టుచీర సగంలో ఆగి ఉంది. మాధవి గుంత పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. నేసిన గుడ్డను చుట్టే దోనె అంచున, మనిషి కూర్చుంటే తల వాలే ఎత్తులో, ఒకచోట నెత్తురు మరక, రెండు వెంట్రుకలు. గాయం అక్కడ తగిలి ఉండొచ్చు. కానీ పడేటప్పుడు తగిలిందా, కొట్టాక పడ్డాడా? దోనె ఆ మాట చెప్పదు.

ఆమె నేసిన గుడ్డ మీదికి వంగింది. అప్పుడే కనిపించాయి, కందిగింజంత మూడు చుక్కలు. సెల్‌ఫోన్‌లో ఫొటో తీసి వేళ్ళతో పెద్దది చేసింది. ఊపిరి బిగబట్టి మళ్ళీ చూసింది.

నిలువు పోగుల మీద గోధుమరంగు మరక ఉంది. వాటి గుండా పోయిన అడ్డం పోగుల మీద లేదు. పడుగు మాసింది, పేక మాయలేదు.

గోడ వైపు మగ్గం మీద రంగయ్య కాళ్ళు గుంతలో పెట్టుకుని కూర్చున్నాడు. నేయడం లేదు. కూర్చోవడానికి వేరే చోటు తెలియనట్టు పొద్దున్నుంచీ అక్కడే ఉన్నాడు.

"పెద్దాయనా, ఒకసారి ఇది చూడు. ఈ చుక్కలు నేసిన గుడ్డ మీద పడినాయా, నేయకముందు పడుగు మీద పడినాయా?"

రంగయ్య వచ్చి కళ్ళు చికిలించి చూశాడు. "పడుగు మీదే మ్మా. నెత్తురు పడి ఆరినాంక నేసినాడు. తడి మీద నేసుంటే పేకకు గూడా అంటుతాండె."

"చుక్కలు పడినాక ఇంకా ఇంత నేసినాడు. దీనికి ఎంతసేపు పడతాది?"

"బుటా ఉండాది గదా. గంట పడతాది. తక్కువైతే కాదు."

గొడవ మొదలుకాకముందే, గంట ముందే అతని ముక్కు కారింది. ఇన్‌స్పెక్టర్ చెప్పిన నెత్తురులో సగం ఎవరూ కొట్టకముందు పడిందే. నాడె మీది నెత్తురు కూడా అప్పటిదే అయివుండొచ్చు.

"ముక్కులో నెత్తురు కారితే నువ్వు చూడలేదా?"

"నిన్నొక్కనాడా మ్మా? వాడికి అలవాటే. తలకాయ నొప్పి అంటాండె, ముక్కు కారుతాండె, నీళ్ళు కొట్టుకుని వచ్చి కూచుంటాండె. వేడి అనుకుంటిమి. సబ్జా గింజలు నానేసి ఇస్తాండె వాళ్ళమ్మ."

"ఇంకేమన్నా నొప్పులుండెనా?"

"కాళ్ళు. పావుగంట తొక్కితే పిక్కలు పట్టేస్తాండె. లేచి నిలబడతాండె. సోంబేరి నాకొడకా, నా వయసొచ్చినాక ఏం తొక్కుతావురా అని తిడతాంటి." రంగయ్య ఖాళీగా ఉన్న వీధి వైపు మగ్గం కేసి చూశాడు. "చేతులు సూస్తే పయిల్వాన్ చేతులు. కాళ్ళు సూస్తే కొంగ కాళ్ళు. పాదాలైతే మంచు. మండే ఎండాకాలంలో గూడా మంచే."

"దానికి ఎవరికీ చూపించలేదా?"

"దేనికి మ్మా? గుంతలో కాళ్ళు పెట్టుకుని బతికేటోళ్ళం. మా అందరి కాళ్ళూ చల్లగానే ఉంటాయి. మట్టి చలువ."

మాధవి కాస్త తటపటాయించింది. "పెద్దాయనా, ఏమనుకోవద్దు. నీ కాలు ఒకసారి పట్టుకుంటా."

రంగయ్య బిత్తరపోయి కాలు వెనక్కి లాక్కున్నాడు, తర్వాత సిగ్గుపడుతూ చాపాడు. పొద్దున్నుంచి గుంతలోనే ఉన్న కాలు. మడమ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది.

గుంత చలువ అరవై ఏళ్ళ మనిషిని ఏమీ చేయలేదు. ఇరవై నాలుగేళ్ళవాడిని ఎందుకు చేసింది?

నడిమింట్లో కుళ్ళాయమ్మ గోడకానుకుని ఉంది. ఒళ్ళో పాప. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్ళు చుట్టూ కూర్చుని ఉన్నారు. మాధవి వంగి నెమ్మదిగా అడిగింది. "పెద్దమ్మా, నిన్న పొద్దున వెంకటేష్‌కి ముక్కులో నెత్తురు కారిందా?"

"లేదు. ఏం కారలేదు. నా కొడుక్కి ఏ రోగమూ లేదు. అది కొట్టింది, వాడు పడిపాయ. అంతే."

మాధవి అడిగింది నెత్తురు గురించే. రోగం మాట ఆమె ఎత్తనే లేదు.

*

స్టేషన్ వెనక గదిలో జ్యోతి బల్ల మీద ముడుచుకుని ఉంది. కప్పుకున్న తువాలు ముందంతా తడిసిపోయి ఉంది. పాలు. నిన్నటి నుంచి బిడ్డ దగ్గర లేదు. మహిళా కానిస్టేబుల్ ఆ తడి వైపు చూసి, "పది నిమిషాలే," అని చెప్పి తలుపు దగ్గరికి పోయి అటు తిరిగి నిలబడింది.

"పాప పాలు తాగిందా అక్కా?" జ్యోతి మొదటి మాట అదే.

"మీ అత్త దగ్గర ఉంది. జ్యోతీ, గొడవ దేనికి? పుట్టింటికి పోతానన్నావంట."

"అది మా అత్త చెప్పిన మాట." జ్యోతి తల అడ్డంగా ఊపింది. "పాపను హిందూపురం ఆస్పత్రికి తీస్కపోదామంటి. నెల నుంచి అడగతానే ఉండా. పాలు తాగేటప్పుడు నుదురంతా చెమట కారతాదక్కా. రెండు గుక్కలు తాగి వదిలేసి రొప్పుతాది. మళ్ళీ రెండు గుక్కలు. ఒళ్ళు పట్టడం లేదు. అత్తేమో పసిపిల్లోళ్ళందరూ అంతే, ఆస్పత్రి పేరెత్తితే ఇంట్లో ఉండొద్దు అనె. నేనూ అరిచినా. ఆయప్ప మగ్గం మీద నుంచి, అమ్మా ఊరుకో, జ్యోతీ ఊరుకో అంటాండె."

"తర్వాత?"

"అబ్బా తల అని రెండు చేతులా పట్టుకునె. నేను ఆయప్పను అట్ల ఎప్పుడూ చూడలే. తలలో ఏదో తెగిపాయ అనె. ఒరిగి దోనెకు కొట్టుకునె. నాడె కింద పడింది. ఎందుకు తీసినానో తెల్దక్కా. మగ్గం మీది వస్తువు నేల మీద ఉండకూడదని తీసినానేమో." జ్యోతి మాధవి ముంజేతిని రెండు చేతులతో పట్టుకుంది. "నాకేం జరిగినా సరే. పాపను ఎవరికన్నా చూపించక్కా."

*

ఆస్పత్రి మార్చురీ వరండాలో ఉదయ్ కుమార్ గడియారం చూసుకుంటూ పచార్లు చేస్తున్నాడు. డాక్టర్ వీణ చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది. బుక్కపట్నం మనిషి. మాట సూటిగా ఉంటుంది.

"మెదడులో రక్తనాళం పగిలింది. చావుకు కారణం అదే," అంది.

"దెబ్బ వల్ల." ఇన్‌స్పెక్టర్ పెన్ను తీశాడు.

"నేను ఆ మాట అనలేదు. కణత మీద గాయం తోలు వరకే. పుర్రెకు చీలిక కూడా లేదు. పైగా ఈ వయసులో గుండె కండరం ఇంత మందంగా ఎందుకుందో నాకు అర్థం కావట్లేదు. ఏళ్ళ తరబడి బీపీ ఉన్న ముసలివాళ్ళ గుండెలా ఉంది."

మాధవి ముందుకు వచ్చింది. "డాక్టర్ గారూ, అతనికి తలనొప్పులు, ముక్కులో నెత్తురు. కాసేపు మగ్గం తొక్కితే పిక్కలు పట్టేసేవి. చేతులు బలంగా ఉండేవి, కాళ్ళు సన్నం. పాదాలు ఎప్పుడూ చల్లగా ఉండేవంట. గుంత చలువ అనుకున్నారు. కానీ గుంతలో కూర్చున్న వేరే మనిషి కాళ్ళు వెచ్చగా ఉన్నాయి."

వీణ చేతిలోని తువాలు ఆగిపోయింది. "ఇంకా కుట్లు వేయలేదు. ఇక్కడే ఉండండి," అని గబగబా లోపలికి పోయింది.

"ఇప్పుడు కాళ్ళ గురించి ఎందుకు మేడమ్? పగిలింది తల," అన్నాడు ఉదయ్ కుమార్.

మాధవి తలుపు వైపే చూస్తూ నిలబడింది. వీణ తిరిగి వచ్చేసరికి ఆమె ముఖం మారిపోయి ఉంది.

"గుండె నుంచి బయలుదేరే పెద్ద రక్తనాళం ఉంటుంది. అయోర్టా. అది పైకి లేచి, తలకూ చేతులకూ కొమ్మలు ఇచ్చి, వంపు తిరిగి కిందికి దిగుతుంది. ఎడమచేతి కొమ్మ దాటగానే ఇతనికి అది నొక్కుకుపోయి ఉంది. నా బొటనవేలు దూరాల్సిన చోట పెన్ను రీఫిల్ కూడా కష్టం మీద దూరింది. కోఆర్క్టేషన్ అంటాం. పుట్టుకతో వచ్చేది."

"అంటే?"

"మా ఊరి చెరువు కింద కాలవ తెలుసు కదా మీకు? నడిమధ్యలో బండ అడ్డం పడిందనుకోండి. పైమడి మునిగి గట్లు తెగుతాయి. కిందిమడి ఎండుతుంది. ఇతని ఒంట్లో అదే జరిగింది. తలకూ చేతులకూ రక్తం మితిమీరిన ఒత్తిడితో పోయింది. అందుకే తలనొప్పి, ముక్కు కారడం. కాళ్ళకు చాలినంత పోలేదు. అందుకే చల్లటి పాదాలు, పిక్కల నొప్పి. ఇలాంటి వాళ్ళకు మెదడులో నాళం ఒక్కోసారి బుడగలా ఉబ్బి ఉంటుంది. ఇతనికి అదే పగిలింది."

"ఇన్నేళ్ళూ ఎవరూ కనుక్కోలేదా?" అంది మాధవి.

"చేతికి బీపీ చూస్తారు. ఎక్కువుంటే, కుర్రోడు కదా మిషన్ తప్పు అంటారు. కాలికి కూడా కట్టి చూస్తే తెలిసిపోతుంది. చేతికంటే కాలికి బాగా తక్కువ చూపిస్తుంది. తొడ మొదట్లో వేలు పెడితే పల్సు అందదు, అందినా ఆలస్యంగా, బలహీనంగా ఉంటుంది. అంత సులభం. చిన్నప్పుడే పట్టుకుంటే ఆపరేషన్‌తో బాగుచేయొచ్చు. తర్వాత కనిపెట్టుకుని చూసుకుంటే చాలాకాలం బతుకుతారు."

ఉదయ్ కుమార్ పెన్ను జేబులో పెట్టుకున్నాడు. "చచ్చినవాడికి రోగం ఉంటే కొట్టినవాళ్ళు నిర్దోషులైపోతారా డాక్టర్ గారూ? పలచబడిన బుడగ. దెబ్బ పడింది. పగిలింది. నేను అలా అంటే మీరు కాదనగలరా?"

వీణ మళ్ళీ చేతులు తుడుచుకుంది. "ఒంట్లో చూసినదాన్ని బట్టి మాత్రమే అయితే, నూటికి నూరు పాళ్ళు కాదనలేను."

"అదీ సంగతి."

"నేను కాదంటాను సార్," అంది మాధవి. ఈసారి నేల వైపు చూడలేదు. సెల్‌ఫోన్ తెరిచి చుక్కలు చూపించింది. "పడుగుకు అంటి, పేకకు అంటని నెత్తురు ఇది. ఇది పడ్డాక అతను గంటసేపు నేశాడు. కొట్టింది పదిన్నర తర్వాత అయితే, తొమ్మిదిన్నరకే ఈ నెత్తురు ఎట్లా వచ్చింది? అతని తల పొద్దున్నుంచే హెచ్చరిస్తోంది. మీ కేసులో నాడె ఉంది, నాడె మీద రక్తం ఉంది. కొట్టడం చూసినవాళ్ళు మాత్రం ఒక్కరే ఉన్నారు."

ఇన్‌స్పెక్టర్ ఫొటో వైపు చాలాసేపు చూశాడు. నవ్వలేదు. తెలివితక్కువవాడు కాదు, పట్టిన పట్టు వదలనివాడు. "ఆ ఒక్కరే నాకు ఫిర్యాదు ఇచ్చింది. కన్నతల్లి. కొడుక్కి ఏ రోగమూ లేదని సంతకం పెట్టింది. ఆమె నోటితో మార్చి చెప్పించండి, మేజిస్ట్రేటు ముందు కేసు లేదని నేనే చెప్తాను. లేదంటే నాలుగున్నరకు జ్యోతి రిమాండుకు పోతుంది. మీరు బస్సెక్కి హిందూపురం పోతారు."

అతను మెట్లు దిగుతుంటే వీణ మాధవి భుజం పట్టుకుని ఆపింది. "ఇతనికి పిల్లలున్నారా?"

"మూడు నెలల పాప."

"అందరికీ రాదు. కానీ తండ్రికుంటే బిడ్డకు చూసి తీరాలి. పాలు తాగేటప్పుడు చెమటలు పడతాయా? రొప్పుతుందా?"

మాధవి అవునన్నట్టు తల ఊపింది.

"ఎప్పటి నుంచి?"

"నెల నుంచి."

"ఇక్కడికి తీసుకురండి. ఇప్పుడే. పిల్లల గుండె డాక్టర్లతో నేను మాట్లాడి పెడతాను. పసిగుండె ఇంత ఒత్తిడి ఎన్నాళ్ళు తట్టుకుంటుందో చెప్పలేం. సాయంత్రం దాకా కూడా ఆగొద్దు."

*

మాధవి తిరిగి వచ్చేసరికి ఇంట్లో కూర్చున్న ఆడవాళ్ళు వెళ్ళిపోయారు. రంగయ్య మార్చురీ దగ్గరికి బయలుదేరాడు. ఇంటి గడపలో కుళ్ళాయమ్మ ఒక్కతే, పాప నోట్లో చెంచాతో నీళ్ళు పోస్తోంది. నీళ్ళు పెదాల పక్క నుంచి కారిపోతున్నాయి.

"పెద్దమ్మా, ఒకసారి పాపను ముట్టుకుంటా." జవాబు కోసం ఆగకుండానే మాధవి ముందు కూర్చుంది. పాప నుదురు తడిగా ఉంది. డొక్కలు ఎగిరెగిరి పడుతున్నాయి. మోచేతి లోపల వేలు పెట్టింది. పిచ్చుక గుండెలా టకటకా కొట్టుకుంటోంది. తర్వాత గుడ్డ తొలగించి తొడ మొదట్లో రెండు వేళ్ళు ఆనించింది. వెతికింది. ఇంకాస్త నొక్కి, ఊపిరి బిగబట్టి వెతికింది.

ఏమీ లేదు.

తలెత్తేసరికి కుళ్ళాయమ్మ ఆ వేళ్ళనే చూస్తోంది. చెంచా చేతిలోంచి జారిపోయింది.

"ఆ డాక్టరు గూడా ఈడనే వేళ్ళు పెట్టినాడు," అంది.

మాధవికి ఒక క్షణం అర్థం కాలేదు. "ఏ డాక్టరు?"

"బెంగుళూరులో. వాడికప్పుడు ఆరేళ్ళు. ఇట్లే వేళ్ళు పెట్టి, నరం ఇరుకుండాది, రొమ్ము పక్కన కోసి సరిచేయల్ల అనె. మరుసటి పొద్దు రమ్మనె. నేను రాత్రికే బిడ్డనెత్తుకుని రైలెక్కి వచ్చేసినా. ఆరేళ్ళ పిల్లోణ్ణి ఎట్ల కోయనిస్తానమ్మా? మొక్కుకుంటి. వాడు లేచి ఆడుకునె. పెద్దోడాయె. మగ్గం ఎక్కె. నయమైపాయ అనుకుంటి."

"జ్యోతికి తెలుసా?"

"చెప్తే పిల్లనిస్తారా?"

"అందుకేనా పాపను ఆస్పత్రికి పోనీలేదు? డాక్టరు చూస్తే ఈ మాట బయటపడతాదనా?"

కుళ్ళాయమ్మ పాపను గుండెకు అదుముకుంది.

"జ్యోతి కొట్టడం నువ్వు చూడలేదు కదా పెద్దమ్మా?"

"వాడు పడినాక చూసినా." గొంతు లోపలెక్కడి నుంచో వచ్చింది. "అది కొట్టిందనుకుంటే నాకు ఊపిరి ఆడతాది. లేకుంటే వాణ్ని చంపింది నేనే గదా."

మాధవి ఇంకా దగ్గరికి జరిగింది. "ఇది నేను నిన్ను ఎవరిచేతా తిట్టించడానికి అడగడం లేదు. నీ మనవరాలికి వాడికున్నదే ఉండాది. ఆ రోగం వాడికి ఇరవై నాలుగేళ్ళు టైమిచ్చింది. దీనికి ఇవ్వదు. ఈ పూటే పోవల్ల. దారిలో స్టేషన్లో ఒక్క మాట చెప్పు, తల్లి గూడా వస్తాది, పాలిస్తాది. లే పెద్దమ్మా. ఆటో పిలుస్తా."

కుళ్ళాయమ్మ లేచింది. వస్తోందనే అనుకుంది మాధవి, పక్కకు తొలగి దారి కూడా ఇచ్చింది. కానీ ఆమె గడప లోపలికే అడుగు వేసింది.

"పొద్దున వాణ్ని కోసినారు," అంది మెల్లగా. "నిలువునా కోసినారంట. నేను చూడలే, రంగయ్యకు ఫోన్ చేసి చెప్పినారు. ఆరేళ్ళప్పుడు తప్పించినా, ఇప్పుడు కోసినారు. దీన్ని గూడా కోయల్లనా మీకు?"

"పెద్దమ్మా, ఇది ఆ కోత కాదు. ఇది బతికించే..."

"ఇది నా కొడుకు బిడ్డ. మీకియ్యను."

మాధవి చెయ్యి చాచింది. వేళ్ళకు తలుపు చెక్క తగిలింది. ఒక రెక్క, ఆ వెంటనే రెండో రెక్క. లోపల పెద్ద గడియ పడింది.

ఆ తర్వాత, పైన ఉన్న చిన్న గడియ కూడా.